ఆఖరి పావు చుట్టు

పాల్వంచ నుంచి సారపాక పోయే రోడ్డు మీద, అడవిలోకి మట్టిబాట చీలే చోట హాతీరాం షెడ్డు ఉంది. నాలుగు టేకు గుంజలు, పైన రేకులు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక చెక్కబల్ల. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారేసరికి రేకుల మీద ఎవరో మెత్తటి పాదాలతో నడిచిపోయినట్టు చప్పుడయ్యేది. వెదురు లారీ పోయిన ప్రతిసారీ గుంజలు వణికేవి. ఆ వణుకు ఆగేదాకా హాతీరాం చేతిలో పానా కదిలేది కాదు.

ఆ పానాను అతను పట్టుకునే తీరు చూసి కొత్తవాళ్లు నవ్వేవారు. ఎవరైనా పానాను చివర పట్టుకుంటారు. పొడుగు కొద్దీ బలం. హాతీరాం మాత్రం దాని మెడ దగ్గర, నట్టుకు ఆనుకుని, రెండు వేళ్లతో పట్టుకుని తిప్పేవాడు.

"ఏంది మేస్త్రీ, నట్టుకు నొప్పి పుడ్తదా?" అని అడిగేవారు.

"అవ్" అనేవాడు హాతీరాం. అంతకు మించి చెప్పేవాడు కాదు.

మొదటి నుంచీ అతను అట్లా పట్టుకోలేదు.

హాతీరాం తండ్రి పూల్‌సింగ్ వెదురు లారీల మీద హమాలీ. తండా నుంచి పొద్దున్నే పోయి, సారపాక కాగితం మిల్లు గేటు దగ్గర లోడు దింపి, ఒళ్లంతా వెదురు నూగు గుచ్చుకుని వచ్చేవాడు. వీపు మీది ఆ నూగు కంటికి కనపడదు. సాయంత్రం వాకిట్లో బోర్లా పడుకున్న తండ్రి వీపును వేలికొసలతో తడుముతూ ఒక్కొక్క నూగూ పట్టి తీయడం చిన్నప్పటి హాతీరాం పని. కన్నుకు అందనిది వేలికి అందుతుందని అతను అక్కడే నేర్చుకున్నాడు.

ఇరవై ఏళ్లకు మిల్లు వర్క్‌షాపులో కాంట్రాక్టు పని దొరికింది. అక్కడి ఫిట్టరు వీరబాబు సత్తుపల్లి వైపు మనిషి. పొట్టిగా, ఎప్పుడూ వక్క నములుతూ ఉండేవాడు. పెద్ద మిషన్ల మధ్య అతను నేర్పింది చిన్న విద్య. మర, అంటే త్రెడ్, పోయిన రంధ్రానికి మళ్లీ మర కోయడం. కోసే ఉలి లాంటి మరసాధనాన్ని ట్యాప్ అంటారు. దాని గాళ్లల్లో గ్రీజు నింపి, రంధ్రంలో నిటారుగా నిలబెట్టి, అర చుట్టు ముందుకు తిప్పి పావు చుట్టు వెనక్కి రావాలి. మళ్లీ అర చుట్టు, మళ్లీ పావు. వెనక్కి రాకుండా ముందుకే పోతే తెగిన పొట్టు లోపల ఇరుక్కుని కొత్త మరను కూడా కొరికేస్తుంది.

"ఇనుము అరుస్తుందిరా అబ్బాయ్" అనేవాడు వీరబాబు. "బిగించేటప్పుడు కిర్రుమంటది, ఎదురు తిరుగుద్ది. అల్యూమినియం అట్టా కాదు. నోరు లేదు దానికి. ఆఖరి పావు చుట్టులో ఒక్కసారి మెత్తబడుద్ది. అంతే, పోయినట్టే. ఆ సంగతి నీ చేతికి తప్ప ఎవడికీ తెలీదు."

తొమ్మిదేళ్లకు కాంట్రాక్టు ముగిసింది. వీరబాబు తన ట్యాపుల పెట్టె ఇచ్చి పంపాడు. ఆ పెట్టెతోనే హాతీరాం షెడ్డు వేసుకున్నాడు. రోడ్డు మీద మెకానిక్‌లు చాలామంది ఉన్నారు గాని, మర పోయిన బండి ఎక్కడిదైనా చివరికి అతని దగ్గరికే వచ్చేది. త్రెడ్ల హాతీరాం అనేవాళ్లు.

ఎక్కువగా వచ్చేది ఆయిల్ నట్టు పనే. మోటర్‌సైకిల్ ఇంజను కడుపు కింద ఆ నట్టు ఉంటుంది. అది విప్పితే నల్లబడ్డ పాత ఆయిల్ కారిపోతుంది. మళ్లీ బిగించి కొత్త ఆయిల్ పోస్తారు. నట్టు ఇనుము. అది కూర్చునే చాంబర్ అల్యూమినియం. బలం చూపించి బిగిస్తే ఓడిపోయేది చాంబరే. లోపలి మర పోగులు పోగులుగా ఊడిపోతుంది. పైకి నట్టు నట్టులాగే కనిపిస్తుంది. ఎక్కడో ఒక గుంతలో, ఒక రాళ్ల దారిలో వదులై, బొట్టు బొట్టుగా ఇంజను ప్రాణం కారిపోతుంది.

చెయ్యి తిరిగిన వాళ్లకు తమ చేతి మీద ఒక రకమైన నిద్ర కమ్ముకుంటుంది. హాతీరాంకు అది రెండు వేల నాలుగు చలికాలంలో, ఒక సంత రోజున కమ్మింది.

ఆ రోజు పొద్దున మట్టిబాట మీద నుంచి పగిడయ్య వచ్చాడు. రెండు వాగుల అవతల కోయగూడెం అతనిది. ఆ గూడెంలో మొదటి బండి అతనిదే. మిల్లు ఉద్యోగి ఒకాయన వాడి వదిలేసిన పాత బండి. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నొప్పులొచ్చినా, రేషను బియ్యం రావాలన్నా గూడెమంతటికీ ఆ బండే. అతని వెనక భార్య ఆదెమ్మ దిగింది. నెత్తిన చీపుళ్ల కట్ట, చంకలో కుంకుడుకాయల సంచి. పక్క ఊళ్లో సంతకు పోతున్నారు.

"ఆయిల్ మార్చు మేస్త్రీ" అన్నాడు పగిడయ్య.

బల్ల చూపించాడు హాతీరాం. పగిడయ్య కూర్చున్నాడు. లేచాడు. రోడ్డు వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. తొందరలో ఉన్నాడనుకున్నాడు హాతీరాం. అతనికీ తొందరగానే ఉంది. అప్పటికే మూడు బళ్లు వరసలో నిలబడి ఉన్నాయి.

పాత ఆయిల్ కారిపోయాక నట్టు పెట్టి, పొడుగు పానా తీసుకుని చివర పట్టుకుని బిగించాడు. ఆదెమ్మ చీపుళ్ల కట్ట దించి చోద్యం చూస్తోంది.

"ఏంది మేస్త్రీ, ఆ నట్టు ఏం తప్పు చేసిందని గట్ల మెడ పిసుకుతున్నవ్?"

"గట్టిగుంటేనే గదక్కా మీ ఆయన నిన్ను బస్సు లెక్క తిప్పేది."

"ఏం బస్సు! వాగు కాడికి రాంగనే దిగు దిగు అంటడు. సగం దూరం నేనే నడుస్త. ఆయిల్ నాకు పొయ్యాలె."

హాతీరాం నవ్వాడు. ఆ నవ్వులోనే ఇంకో పావు చుట్టు తిప్పాడు. అప్పుడు పానా మెత్తబడింది.

అంతే జరిగింది. చప్పుడు లేదు. చేతిలో ఉన్న బరువు ఒక్కసారిగా ఎటో పోయింది. మెట్టు ఉందనుకుని వేసిన అడుగు కింద మెట్టు లేనట్టు.

నట్టు వెనక్కి తీశాడు. దాని గాళ్లల్లో వెండి పోగులాంటి అల్యూమినియం చుట్టుకుని ఉంది. ఎవరికీ కనపడకుండా ప్యాంటుకు తుడిచేశాడు. చెప్పాలంటే బండి వదిలిపొమ్మనాలి. చాంబర్ రంధ్రం పెద్దది చేసి, మర కోసి, లోపల కొత్త మర ఉన్న ఇత్తడి గొట్టం, బుష్, దించాలి. ఒక పూట పని. మనిషి తొందరలో ఉన్నాడు. వెనక మూడు బళ్లున్నాయి. త్రెడ్ల హాతీరాం చేతిలోనే త్రెడ్ పోయిందంటే విన్నవాళ్లు ఏమంటారు? నల్లా పైపులకు చుట్టే తెల్ల టేపు అతని దగ్గర ఉండేది. ఆ దారిలో ఇంకే మెకానిక్ దగ్గరా లేదు. దాన్ని నట్టుకు నాలుగు వరసలు చుట్టి మెల్లగా ఎక్కించాడు. ఆయిల్ పోశాడు. కింద వేలు పెట్టి చూశాడు. పొడిగానే ఉంది.

"అయింది" అన్నాడు.

ఆదెమ్మ చీపుళ్లు నెత్తికెత్తుకుని వెనక ఎక్కింది. ఎక్కుతూ ఇంజను వైపు చూసి, "పాపం, నట్టు సచ్చిందో బతికిందో" అంది. బండి పోయింది. దాని పొగ కాసేపు షెడ్డులోనే తిరిగింది.

ఆ తర్వాత పగిడయ్య రాలేదు. మొదట్లో మట్టిబాట మీద బండి చప్పుడు విన్న ప్రతిసారీ హాతీరాం తలెత్తి చూసేవాడు. ఏ సంత రోజో వస్తే, "నట్టు తేడాగుంది, ఓ పూట వదిలిపో" అని ఏదో ఒకటి కలిపి చెప్పొచ్చని అనుకునేవాడు. నెలలు గడిచాయి. ఇంకో మెకానిక్ దగ్గరికి పోతున్నాడేమో అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు మనసు తేలికైన మాట నిజం.

ఏడాది దాటింది. శివరాత్రి పోయి ఎండలు మొదలైన రోజుల్లో ఒక నడి వయసు ఆడమనిషి చింతపండు గంపతో షెడ్డు ముందు ఆగింది. ముక్కుకు రెండు వైపులా పుడకలు. గంప దించి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పాత బండి ఇనుప సామాను కింద తీసుకుంటవా మేస్త్రీ?"

"ఎవరిదక్కా?"

"మా తమ్ముంది. పగిడయ్య అని. నీ కాడికే వచ్చేటోడు."

ఆమె పేరు నాగక్క. పగిడయ్యకు అక్క. హాతీరాం చేతిలో పని ఆగింది.

"బండికి ఏమైంది?"

"బండికి ఏమైతే ఏంది. మనిషే పోయింది. ఆదెమ్మ" అంది నాగక్క. బల్ల మీద కూర్చోకుండా నేల మీద గొంతుకూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

కిందటేడు సరిగ్గా ఈ రోజుల్లోనే ఆదెమ్మకు చలిజ్వరం వచ్చింది. మూడోనాటికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోదామని పొద్దున్నే పగిడయ్య బండి బయటికి తీస్తే, కింద మట్టి నల్లగా తడిసి ఉంది. ఆయిల్ నట్టు పట్టు వదిలేసి వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. ఇంట్లో సగం డబ్బా కొత్త ఆయిల్ ఉంది గాని పోస్తే నిలవదు. అప్పుడతను గూడెం వెనక తపసి చెట్టుకు పరుగెత్తాడు.

తపసి జిగురు ఆ గూడెం వాళ్ల బతుకు. చెట్టుకు గాటు పెడితే తెల్లగా ఊరి గట్టిపడుతుంది. కోసి గిరిజన సొసైటీకి అమ్ముతారు. నీళ్లల్లో వేస్తే ఉబ్బడం దాని గుణం. చెక్క మేకు తడిస్తే ఎట్లా బిగుసుకుంటుందో, జిగురు కూడా తడి తగిలి ఉబ్బి నట్టును గట్టిగా పట్టుకుంటుందని పగిడయ్య లెక్క. గోలీ అంత ముద్ద తీసి, నట్టు చుట్టూ మెత్తి, లోపలికి తిప్పాడు. నిలబడింది. ఆయిల్ పోశాడు. ఆదెమ్మను తన నడుముకు తువ్వాలతో కట్టుకుని బయలుదేరాడు.

"మొదటి వాగు దాటిండు. మోకాలి మీదికి నీళ్లు. నీళ్లు తగిలినయ్, జిగురు ఉబ్బింది. ఉబ్బి గట్టిపడలే మేస్త్రీ, సగ్గుబియ్యం జావ లెక్కయింది. నట్టు యాడ పడ్డదో. ఆ గట్టెక్కినంక కోసెడు దూరం పోయి బండి బిగుసుకపోయింది. ఇగ కదలలే. ఎనక్కి ఉరికి మంచం తెచ్చి మోసుకపోయినం. ఈ రోడ్డెక్కెటాళ్లకే పొద్దు తిరిగింది. దవాఖానా వరండాల పండబెట్టినం. గాడ్నే పోయింది."

లారీ ఒకటి పోయింది. గుంజలు వణికాయి.

"బండి పాడైతే ఆయన ఏం చేస్తడక్కా" అన్నాడు హాతీరాం.

"బండి కాదయ్యా. జిగురు." నాగక్క గొంతు తగ్గించింది. "మా ఊళ్లె యాడాదికి మొదటి జిగురు ముత్యాలమ్మకు పెట్టాలె. పెట్టనిదే గోరంత కూడా ఇంటికి వాడొద్దు. వీడు అమ్మకు పెట్టకముందే గాటు పెట్టి తీసిండు. అమ్మ ఊకుంటదా? ఎవ్వరు తిట్టలేదు, కులపంచాయితీల పెట్టలేదు. వానికి వాడే వేసుకున్నడు శిక్ష. అడివికి పోడు. గొడ్డలి ముట్టడు. ‘నా చెయ్యే చంపింది’ అంటడు. బండి వాకిట్ల ఉంటే దాన్నే చూసుకుంట కూసుంటున్నడు. అందుకే తీసెయ్యాలనుకుంటున్న."

"అమ్మొద్దక్కా. నా కాడికి పంపియ్. నేను బాగుచేస్త."

"బాగుచేసి ఎవరెక్కాలె?"

"పంపియ్" అన్నాడు హాతీరాం.

వెదురు తెచ్చే ఎడ్లబండి మీద మూడో రోజు బండి వచ్చింది. సీటు కింద పిట్ట గూడు. గొలుసు తుప్పు పట్టి ఒకే కడ్డీలా అయిపోయింది. హాతీరాం దాన్ని పడుకోబెట్టి కడుపు కింద కిరోసిన్‌తో కడిగాడు. రంధ్రం చుట్టూ ఎండిన జిగురు పటికబెల్లం పలుకుల్లా అంటుకుని ఉంది. దాన్ని పుల్లతో గీకుతుంటే లోపలి నుంచి తెల్లగా ఒక దారప్పోగు బయటికొచ్చింది. పట్టుకుని లాగాడు. సాగింది.

తెల్ల టేపు ముక్క.

ఈ మూడు రోజులూ అతను మనసులో ఎన్నో దారులు వెతికి పెట్టుకున్నాడు. రాళ్ల దారిలో నట్టు దానంతటదే వదులై ఉండొచ్చు. ఎవరో విప్పి ఉండొచ్చు. పాత బండి, పాత మర. ఆ దారులన్నీ ఆ వేలెడు ముక్క దగ్గర మూసుకుపోయాయి. టేపును అరచేతిలో పెట్టుకున్నాడు. అది చిన్నగా, పిచ్చుక ఈకలా, గాలికి కదులుతోంది.

ఇంటికి పోయి భార్య లాలికి చెప్పాడు. తమ లంబాడీ మాటలో, తల వంచుకుని, మొదటి నుంచీ చెప్పాడు. లాలి రొట్టె కాలుస్తూ వింది.

"ఇప్పుడు చెప్తే ఆమె లేసొస్తదా?" అంది.

"రాదు."

"మరి? నాలుగు గూడేలు నీ షెడ్డు నమ్ముకొని వస్తున్నయ్. రేపటిసంది ఒక్కడన్న వస్తడా? మనది తండా, వాళ్లది గూడెం. అసలే మాటలు మోసేటోళ్లు మస్తుమంది. నువ్వు చేసింది ఒక నట్టు. దాన్ని ఏం చేసి చెప్తరో."

"ఆయన గొడ్డలి ముట్టుకుంటలేడట లాలీ. తన చెయ్యే చంపిందంటున్నడట."

పెనం మీది రొట్టె మాడింది. లాలి దాన్ని తిప్పలేదు.

ఆ ఇంజను పనికి పది రోజులు పట్టింది. బిగుసుకుపోయిన పిస్టన్ ఊడదీసి, సిలిండరు పాల్వంచకు పంపి లోపల సాఫు చేయించి తెచ్చాడు. చాంబర్‌ను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. బల్ల మీద గోనెపట్టా పరిచి దాన్ని బోర్లించాడు. పాడైన రంధ్రాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేశాడు. వీరబాబు పెట్టెలోంచి లావు ట్యాప్ తీసి, గాళ్లల్లో గ్రీజు నింపి, నిటారుగా నిలబెట్టి కళ్లు మూసుకున్నాడు. అర చుట్టు ముందుకు. పావు చుట్టు వెనక్కి. ప్రతిసారీ వెనక్కి వచ్చినప్పుడు లోపల సన్నగా పొట్టు తెగే చప్పుడు. అర ముందుకు, పావు వెనక్కి. ఆ పావు చుట్టు వెనక్కి వస్తే సరిపోయే రోజు ఒకటి తన చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు ఎన్ని పావులు వెనక్కి వచ్చినా ఆ రోజు రాదు.

మర తెగాక కిరోసిన్‌తో మూడుసార్లు కడిగాడు. ఇత్తడి బుష్ దించాడు. అది మళ్లీ తిరగకుండా అంచు చుట్టూ ఉలితో చిన్న పోట్లు పొడిచాడు. కొత్త నట్టు, కొత్త వాషర్. బిగించేటప్పుడు పొడుగు పానా అందుకున్న చెయ్యి దానంతటదే జరిగి మెడ దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచీ అక్కడే ఉంది.

మొదటి జిగురు పెట్టే రోజు పొద్దున్నే హాతీరాం ఆ బండి మీద బయలుదేరాడు. లాలి సద్ది కట్టింది. ఒకరికి కాదు, ఇద్దరికి సరిపడా.

అతను పోయేసరికి గూడెంలో మగవాళ్లు గొడ్డళ్లతో అడవికి కదులుతున్నారు. ఆడవాళ్లు ముత్యాలమ్మ గద్దె అలికి ముగ్గులు పెడుతున్నారు. బండి చప్పుడుకు అందరూ ఆగిపోయారు. ఆ చప్పుడు వాళ్లకు తెలుసు. ఏడాదిగా వినలేదు. పగిడయ్య తన ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. బండి చూశాడు. దాని మీదున్న మనిషిని చూశాడు.

హాతీరాం దిగి అతని ముందు నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం మడత తీసి విప్పాడు. అందులో తెల్ల టేపు ముక్క.

"పగిడన్నా, ఇది నీ బండి కడుపుల దొరికింది. నాది. ఆ సంత రోజు నట్టు బిగిస్తుంటే త్రెడ్ పోయింది. నా చేతిలనే పోయింది. నాకు అప్పుడే తెలిసింది. నీకు చెప్పలేదు. ఇది చుట్టి పంపించిన."

పగిడయ్య టేపును ముట్టుకోలేదు.

"జిగురుతోని కాలేదు అన్నా. నట్టు వదులయింది నా వల్ల. అది వదులు కాకుంటే నువ్వు చెట్టు కాడికే పోయేటోనివి కాదు."

గడప పక్కన కోడిపెట్ట మట్టి గీకుతోంది. పగిడయ్య ఒకే ఒక్కటి అడిగాడు.

"ఆ రోజే చెప్తే, బాగుచేసెతందుకు ఎంతసేపు పట్టేది?"

"ఓ పూట."

"మేం పొద్దుగూకెదాక సంతలనే ఉన్నం మేస్త్రీ. చీపుళ్లు అమ్ముడుపోలే. బండి చింతచెట్టుకు ఆనిచ్చి పెట్టిన. ఉత్తగనే ఉండె."

హాతీరాం తల ఎత్తలేకపోయాడు. "నువ్వు లేసుకుంట కూసుంటుంటివి. తొందరల ఉన్నవనుకున్న."

"నాకు బల్ల మీద కూసునుడు రాదు" అన్నాడు పగిడయ్య. "కాళ్లు ఏలాడుతుంటె భయమైతది. అందుకే లేసిన."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ మాట మాత్రం హాతీరాం గుండెలోకి దిగి, బిగుసుకుని, అక్కడే ఉండిపోయింది.

పగిడయ్య లేచి, "రా" అని గద్దె దగ్గరికి నడిచాడు. అక్కడ గూడెంలో అందరికన్నా పెద్దది కన్నమ్మ, కర్ర ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు రాదు. "ఈమెకు చెప్పు. నేను మా మాటల చెప్త" అన్నాడు పగిడయ్య.

హాతీరాం మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఒక్కొక్క మాటా పగిడయ్య కోయలోకి మార్చాడు. తన తప్పు తనకు తెలియని భాషలోకి నడిచిపోవడం హాతీరాం వింటూ నిలబడ్డాడు. అందులో అతనికి అర్థమైనవి రెండే మాటలు. నట్టు. ఆయిల్. తర్వాత ఆదెమ్మ పేరు. చుట్టూ గొడ్డళ్లు భుజాన వేసుకున్న మగవాళ్లు, చేతులకు పేడతో ఆడవాళ్లు. నాగక్క వాళ్లల్లో ఉంది. ఆమె హాతీరాం వైపు చూడలేదు.

కన్నమ్మ టేపు ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని వెలుగుకు ఎత్తి చూసింది. లాగి చూసింది. సాగితే వదిలేసింది. కొన్ని మాటలు అంది.

"ఏమంటుంది?"

పగిడయ్య చెప్పాడు. "జిగురు తీసింది తీసిందే అంటంది. అది నాకూ అమ్మకూ ఉన్న లెక్క. ఇయ్యాల పెట్టి అమ్మకు చెప్పుకొమ్మంటంది. నట్టు లెక్క అమ్మది కాదంటంది. అది నీకూ నాకూ నడుమ ఉన్నదంట. దాన్ని అమ్మ మీద ఎయ్యొద్దంటంది."

ఏడాదిగా ఆ రెండు లెక్కలూ కలిసి ఒకే ముద్దయి పగిడయ్య మెడకు వేలాడుతున్నాయి. ముసలామె వాటిని విడదీసి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టింది.

"మరి నన్నేం చెయ్యమంటవ్ అన్నా?" అన్నాడు హాతీరాం.

"నాకు తెల్వదు" అన్నాడు పగిడయ్య. "ఇప్పుడు తెల్వదు."

అతను ఇంటి చూరులో చెయ్యి పెట్టి గొడ్డలి తీశాడు. దాని అంచు తుప్పు పట్టి ఉంది. బొటనవేలితో ఒకసారి తడిమి చూసి, మిగతావాళ్ల వెనక అడవిలోకి నడిచాడు. ఎవరూ అతన్ని పిలవలేదు, ఆపలేదు. ముందు పోతున్నవాళ్లు మాత్రం నడక తగ్గించారు.

హాతీరాం బండి అక్కడే వదిలి నడిచి తిరిగొచ్చాడు. సద్ది మూట గడప మీద ఉండిపోయింది. మొదటి వాగు దగ్గర నీళ్లు అడుగు రాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఆ రాళ్ల మధ్య ఎక్కడో పాత నట్టు ఉండాలి. అతను వంగి చాలాసేపు వెతికాడు. దొరకలేదు. చేతులు చల్లబడి మొద్దుబారాక లేచి నడిచాడు.

మాట పాకింది. త్రెడ్ల హాతీరాం చేతిలోనే త్రెడ్ పోయిందట, దాచిపెట్టాడట, ఒక ప్రాణం పోయిందట. రెండు గూడేల వాళ్లు రావడం మానేశారు. కొందరు వచ్చి, పని అయ్యేదాకా పక్కనే కూర్చుని కళ్లు తిప్పకుండా చూసేవారు. హాతీరాం తన చేతిలో ఏం జరిగినా అప్పటికప్పుడే చెప్పేవాడు. "ఈ పిన్ను నా చేతిల ఇరిగింది." "ఇది గీరుకపోయింది, నేనే గీరిన." కొందరికి అది వింతగా ఉండేది. కొందరికి చిరాకు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన, "నీ గురించి నువ్వే గిట్ల చెప్పుకుంటే దుకాణం నడుస్తదా?" అని నవ్వాడు.

"నడిచినంత నడుస్తది సార్" అన్నాడు హాతీరాం.

ఆ వానాకాలం పోయింది. చలికాలం వచ్చింది. ఒక సంత రోజు పొద్దున మట్టిబాట మీద బండి చప్పుడయింది. హాతీరాం తల ఎత్తలేదు. ఆ ఇంజను గొంతు తను కూర్చినదే. కళ్లతో చూడక్కర్లేదు.

బండి షెడ్డు ముందు ఆగింది. వెనక చీపుళ్ల కట్ట, దాని పైన ఒక చిన్న సంచి. పగిడయ్య దిగి స్టాండు వేశాడు. మనిషి చిక్కాడు. జుట్టు నెరిసింది.

"ఆయిల్ మార్చాలె" అన్నాడు పగిడయ్య.

హాతీరాం కింద గిన్నె పెట్టి, పానాను మెడ దగ్గర పట్టుకుని నట్టు విప్పాడు. నల్లటి ఆయిల్ సన్నని తాడులా జారింది. వేలు పెట్టి ఇత్తడి బుష్ తడిమాడు. అది కూర్చోబెట్టిన చోటే ఉంది. వాషర్ తీసి వెలుతురులో చూశాడు. ఒక అంచు పల్చబడింది. ఇదే వేసి బిగిస్తే ఇంకో రెండు నెలలు నడుస్తుంది. ఎవరికీ తెలియదు.

"నట్టు మంచిగనే ఉంది పగిడన్నా. వాషర్ పల్చబడ్డది. నా కాడ ఈ సైజు లేదు. బస్సుల పాల్వంచ పోయి తేవాలె." ఆగాడు. "టైం పడ్తది. పొద్దుగూకుతదేమో."

పగిడయ్య రోడ్డు వైపు చూశాడు. సంతకు పోయే ఆడవాళ్లు గంపలతో వరసగా నడిచిపోతున్నారు. తర్వాత బల్ల వైపు చూశాడు. దాని మీద కూర్చోలేదు. భుజం మీది తువ్వాల తీసి టేకు గుంజ పక్కన నేల మీద వేసుకుని, వీపు ఆనించి కాళ్లు బారచాపాడు.

"పట్టనియ్" అన్నాడు.